“ఒక సూదేసి పంపించెయ్యరాదూ”: చావు కోరుకుంటున్న రోగితో మాట్లాడటం, ఒక కేస్ స్టడీ

తీవ్రమైన జబ్బులో బాధ తగ్గించడమే పనిగా ఉన్న పాలియేటివ్ కేర్‌లో కొత్తగా చేరే నర్సులకు, డాక్టర్లకు బోధన కోసం కూర్చిన కేసు ఇది. ఏ ఒక్క రోగిదీ కాదు. ఈ పనిలో తరచూ ఎదురయ్యే పరిస్థితుల్ని ఒకచోట చేర్చి రాశాం. మందుల మోతాదులు ఈ కేసులోని వయసుకు, కిడ్నీల పనితీరుకు సరిపోయేవి. ఇంకొకరికి వీటినే వాడకూడదు.

పరిస్థితి

రోగి 61 ఏళ్ల పురుషుడు, లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ రెండు వెన్నుపూసలకు పాకింది. రేడియేషన్ ఒక విడత అయింది. కీమోథెరపీ ఇక వద్దని ఆయనే ఆపించుకున్నారు. ఇంట్లో భార్య, కూతురు చూసుకుంటున్నారు. రోజులో ఎక్కువసేపు మంచం మీదే ఉంటారు, బాత్రూముకు వెళ్లాలంటే మనిషి సాయం కావాలి. తెలివి స్పష్టంగా ఉంది. రక్తంలో కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ నార్మల్.

మార్ఫిన్ 10 మి.గ్రా. నాలుగు గంటలకోసారి, పడుకునే ముందు మాత్రం రెండు మాత్రలు కలిపి. అలా ఇస్తే అర్ధరాత్రి లేపే పని ఉండదు. రోజు మొత్తానికి 60 మి.గ్రా. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా 10, అంటే రోజు మోతాదులో ఆరో వంతు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 4 మి.గ్రా. ఉదయం, 4 మి.గ్రా. రాత్రి. కడుపులో తిప్పుతోందంటే వారం కిందట మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. మూడు పూటలా మొదలైంది. విరేచనానికి బిసాకోడిల్ రాసి ఉంది.

హోమ్ కేర్ నర్సు వెళ్లేసరికి నొప్పి స్కోరు పదికి ఏడు. మామూలు లెక్కలో ఇది మార్ఫిన్ పెంచాల్సిన సందర్భం, 60 నుంచి 80 కో 90 కో. ఆమె బీపీ పట్టీ విప్పుతుండగా, భార్య లోపలి గదిలోకి వెళ్లగానే ఆయన అన్నారు: “ఇంకెన్నాళ్లమ్మా ఇది? ఒక సూదేసి పంపించెయ్యరాదూ, పుణ్యముంటుంది.”

ఈ మాట సాధారణంగా ఇలాంటప్పుడే వస్తుంది. డాక్టరు ఎదురుగా కూర్చుని “ఇంకేమైనా చెప్పాలా?” అని అడిగినప్పుడు రాదు. డ్రెస్సింగ్ మారుస్తున్నప్పుడో పక్క సర్దుతున్నప్పుడో, ఇంట్లోవాళ్లు పక్కన లేని అర నిమిషంలో, సగం నవ్వుతూ వస్తుంది. ఆ నవ్వును చూసి వేళాకోళం అనుకుని వదిలేస్తే చాలామంది రోగులు మళ్లీ ఎత్తరు.

మొదటి రెండు నిమిషాలు

నోటికి ముందుగా వచ్చే జవాబులు దాదాపు అన్నీ తలుపు మూసేవే. “అయ్యో, అలా అనకండి” అంటే ఈ విషయం ఇక్కడ మాట్లాడకూడదని ఆయనకు అర్థమవుతుంది. “చట్టం ఒప్పుకోదండీ” అంటే, ఆయన ఇంకా నిజంగా అడగని ప్రశ్నకు జవాబు చెప్పినట్టు. “మనవడి ముఖం చూసైనా ధైర్యం తెచ్చుకోండి” అన్నది అన్నిటికన్నా గాయం చేసే మాట. అప్పటికే నేను అందరికీ బరువయ్యానని బాధపడుతున్న మనిషి మీద ఇంకో బాధ్యత పెట్టడమే అది. సైకియాట్రిస్టు దగ్గరికి పంపడం తర్వాత అవసరం పడవచ్చు. కానీ మాట నోట్లో ఉండగానే ఆ పేరు ఎత్తితే, పిచ్చివాడి కింద జమకట్టారనుకుంటారు.

నర్సు పట్టీ పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, ఆయన ముఖానికి సమానమైన ఎత్తులో కూర్చున్నారు.

“బాగా విసిగిపోయినట్టున్నారండీ. ఏమవుతోందో చెప్పండి, వింటాను.”

“ఎందుకలా అంటున్నారు?” అని అడగలేదని గమనించండి. “ఎందుకు” అనగానే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ఆ తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టం ఈ మౌనమే. లోపల పది వరకు లెక్కపెట్టుకోమని చెబుతాం. ఆరేడుకు రాకముందే రోగి మాట్లాడటం మొదలుపెడతారు.

“చెప్పడానికేముంది. కూర్చోలేను, పడుకోలేను. సాయంత్రమైతే చాలు, ఒంట్లో ఏదో పాకుతున్నట్టే ఉంటుంది. ఈ కాళ్లు తెంపి అవతల పారెయ్యాలనిపిస్తుంది.”

“అలాంటప్పుడు చచ్చిపోతే బాగుండుననిపిస్తోందా?”

“అనిపించకేం.”

“తొందరగా చావు వస్తే బాగుండుననా? లేకపోతే మీ అంతట మీరే ఏమైనా చేసుకోవాలని కూడా అనిపించిందా?”

ఆయన సమాధానం చెప్పలేదు. కాసేపటికి, “మాత్రలున్నాయిగా,” అన్నారు.

ఈ మూడో ప్రశ్న అడగడానికే భయపడతారు. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని. అలా జరగదు. ఆత్మహత్య గురించి సూటిగా అడగడం వల్ల ఆ ఆలోచన పెరగదని మానసిక వైద్యంలో బాగా రుజువైన విషయం. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరటే ఎక్కువ. ప్రశ్నను రెండు దారులుగా విడగొట్టడం ముఖ్యం. ‘చావాలనుంది’ అన్న ఒక్క మాట వెనుక కనీసం నాలుగు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి, నేను సిద్ధంగా ఉన్నాను, వచ్చినప్పుడు రానీ అనే ఒప్పుదల. ఇది జబ్బు కాదు, చికిత్సా అక్కర్లేదు. రెండు, ఈ బాధ కన్నా చావు త్వరగా వస్తే మేలన్న కోరిక. మూడు, మీరు సాయం చేయండని నిజంగానే అడగడం. నాలుగు, తనంతట తానే చేసుకోవాలన్న ఆలోచన, దానికో దారి. ఈ నాలుగిటికీ చేయాల్సిన పని వేరు. ఏదో తెలియకుండా ఓదార్పు మొదలుపెడితే గురి తప్పుతుంది.

అప్పుడుగానీ నర్సు సూది సంగతికి రాలేదు: “ఆ సూది నేను వెయ్యలేనండీ. అలాగని మిమ్మల్నిలా వదిలేసి వెళ్లను కూడా. ఈ కాళ్ల సంగతి, నొప్పి సంగతి ఇవాళే చూద్దాం. ఇంకో మాట, మాత్రల గురించి మీరన్నది నాలోనే దాచుకోలేను, డాక్టరుగారికి చెప్పాలి. ఇంట్లో ఏం చెప్పాలో మాత్రం మీతో మాట్లాడాకే.”

రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. ఇస్తే తర్వాత మాట తప్పడమో, రోగి ప్రాణం మీదికి తేవడమో, రెండిట్లో ఒకటి తప్పదు. చావుకు వైద్యసాయం చట్టబద్ధమైన దేశాల్లో మూడో రకం అభ్యర్థనకు ప్రత్యేకమైన విధానం ఉంటుంది, కానీ అక్కడ కూడా మొదటి సంభాషణ ఇదే. ముందు వినాలి, తర్వాతే ఏది వీలో ఏది కాదో స్పష్టంగా చెప్పాలి.

మాత్రల లెక్క

పెట్టెలో మిగిలిన మార్ఫిన్ మాత్రలు చార్టుతో సరిపోయాయి. ఇక్కడే చాలామంది తృప్తిపడి ఊరుకుంటారు. అయితే మూడు విషయాలు పొసగలేదు. రోజుకు 60 మి.గ్రా. మార్ఫిన్ మీద ఉన్న మనిషికి, బిసాకోడిల్ మానేసినా విరేచనం సాఫీగా అవుతోంది. కంటిపాపలు చిన్నవి కాలేదు. మోతాదు మొదలైన రోజుల్లో కూడా మగత రాలేదు. మార్ఫిన్ వల్ల వచ్చే మలబద్ధకం రోజులు గడిచినా అలవాటు పడి తగ్గేది కాదు. అది లేదంటే మందు ఒంట్లోకి వెళ్లడం లేదేమోనని అనుమానించాలి.

నర్సు అడిగిన తీరు ఇది: “కొంతమంది మాత్రలన్నీ మింగరండీ. అలవాటైపోతుందని కొందరు, నొప్పి ముదిరినప్పటికి దాచుకుందామని కొందరు. మీరెలా చేస్తున్నారు?” తప్పు పట్టినట్టు కాకుండా, లోకంలో ఉన్నదే అన్నట్టు అడిగితే నిజం చెప్పడం సులువు. ఆయన కళ్లజోడు పెట్టె తెరిచి చూపించారు. భార్య మాత్రలు ఆయన చేతికిచ్చి నీళ్లు తేవడానికి వెళ్లినప్పుడు కొన్ని అందులోకి చేరాయి. “నొప్పి మరీ ఎక్కువైతే పనికొస్తాయని. ఇక లాభం లేదనుకుంటే ఉంటాయని,” అన్నారు. రెండు కారణాలూ నిజమే. ఒకటి నమ్మి ఇంకోటి కొట్టిపారేయనక్కర్లేదు.

నర్సు వాటిని లాక్కోలేదు, “ఇవి నాకిస్తారా?” అని అడిగారు. ఇచ్చారు. భార్య సమక్షంలో లెక్కపెట్టి, రిజిస్టర్లో రాసి వెనక్కి తీసుకున్నారు. ఇవ్వనంటే ఏం చేయాలన్నది బృందానికి ముందే తెలిసి ఉండాలి: అక్కడి నుంచి కదలకుండా డాక్టరుకు ఫోన్, ఒంటరిగా వదలకపోవడం, అవసరమైతే ఆ రోజే ఆసుపత్రిలో చేర్చడం. ఇంట్లో ఇలాంటి రోగిని చూసుకునేవాళ్లు కూడా ఇంతవరకు చేస్తే చాలు. దగ్గర ఉండాలి, మందులు అందుబాటులోంచి తీసేయాలి, చికిత్స చేసే బృందానికి అదే రోజు చెప్పాలి.

ఈ దశలో జరిగే ప్రమాదాలు రెండు. మొదటిది, సంగతి తెలియక మోతాదు పెంచడం. రోజుకు సగం కూడా మింగని మనిషికి 90 మి.గ్రా. రాసి, రేపటి నుంచి ఎదురుగా నిలబడి మింగిస్తే మూడింతలు ఒకేసారి ఇచ్చినట్టే. మగత రావచ్చు, ఊపిరి మందగించవచ్చు. రెండోది, భయపడి మార్ఫిన్ మొత్తం ఆపేయడం. అప్పుడు నొప్పి పెరుగుతుంది, నొప్పితో పాటు చావాలన్న కోరికా పెరుగుతుంది. ఈ కేసులో 5 మి.గ్రా. నాలుగు గంటలకోసారి కొత్తగా మొదలుపెట్టి, అదనపు డోసు కూడా 5 కే దించి, రోజూ ఫోన్ మీద స్కోరు తెలుసుకుంటూ మెల్లగా పెంచారు. నాలుగో రోజుకు 10 మి.గ్రా. దగ్గర స్కోరు మూడుకు వచ్చింది. ముందు రాసిన మోతాదే సరిపోయింది, మింగితే. మాత్రలు మూడు రోజులకు సరిపడా మాత్రమే ఇవ్వడం, తాళం భార్య దగ్గర ఉండటం, మింగేదాకా ఎదురుగా ఉండటం రోగి ఒప్పుదలతోనే జరిగాయి. బిసాకోడిల్ మళ్లీ మొదలైంది.

ఆగని కాళ్లు

“కాళ్లు తెంపి పారెయ్యాలనిపిస్తుంది” అన్న మాటను మనోవేదన కింద రాసుకుంటే ఈ కేసు అక్కడే చెడిపోయేది. మాట్లాడుతున్నంతసేపూ ఆయన మడమలు దుప్పటి మీద రుద్దుకుంటూనే ఉన్నాయి. ఒక కాలు మడవడం, చాపడం, మళ్లీ మడవడం. ఇది వారం నుంచే. మెటోక్లోప్రమైడ్ మొదలైందీ వారం కిందటే.

ఇది అకతీజియా. మెదడులో డోపమైన్‌ను అడ్డుకునే మందుల వల్ల వచ్చే లోపలి కుదురులేనితనం. మెటోక్లోప్రమైడ్, హాలోపెరిడాల్, ప్రోక్లోర్‌పెరజైన్, మూడూ పాలియేటివ్ కేర్‌లో వాంతికి రోజూ వాడేవే. దీన్ని అనుభవించేవాళ్లు నొప్పి కన్నా భరించరానిదని చెబుతారు. చావాలన్న ఆలోచన కూడా దీనివల్ల పుట్టవచ్చు. ఆందోళన అనుకుని హాలోపెరిడాల్ ఇస్తే మరింత ముదురుతుంది. మార్ఫిన్ సరిగా మింగని మనిషి కాబట్టి మందు విరమణ లక్షణాలేమోనని కూడా చూడాలి. ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, కడుపులో మెలిపెట్టడం ఈయనలో లేవు. వెన్నుపూసల జబ్బుంది కనుక కాళ్ల బలం, స్పర్శ, మూత్రం సంగతి చూడకుండా కాళ్ల ఫిర్యాదును వదలకూడదు. అవీ బాగానే ఉన్నాయి.

మెటోక్లోప్రమైడ్ ఆపేశారు. ఈసీజీ చూసి, దాని బదులు మెదడులోకి అంతగా చేరని డోంపెరిడోన్ 10 మి.గ్రా. మూడు పూటలా ఇచ్చారు. ఆస్తమా లేదు, బీపీ, నాడి బాగున్నాయి కాబట్టి అకతీజియాకు ప్రొప్రనోలాల్ 10 మి.గ్రా. రెండు పూటలా. లొరాజెపాం కూడా పనిచేసేదే, కానీ మార్ఫిన్ కొత్తగా మొదలవుతున్న రోజుల్లో రెండో మగత మందు కలపడం ఎందుకని మానుకున్నారు. డెక్సామెథసోన్ రెండు డోసుల్నీ కలిపి ఉదయం 8 మి.గ్రా.గా మార్చారు. మధ్యాహ్నం దాటాక ఇచ్చే స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది. నిద్రలేని మూడో రాత్రి తర్వాత ఎవరి నోటి వెంటైనా ఈ మాట రావచ్చు.

మూడో రోజుకు కాళ్లు ఆగాయి.

ఎగశ్వాస భయం

ఒళ్లు కుదుటపడ్డాకే అసలు సంభాషణ. నొప్పి ఏడు ఉన్నప్పుడు జీవితానికి అర్థమేమిటన్న చర్చ పెట్టకూడదు. నాలుగో రోజు డాక్టరు వెళ్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: “మున్ముందు ఏం జరుగుతుందని తలుచుకుంటే మీకు ఎక్కువ భయం?”

ఆయన అన్నయ్య ఊపిరితిత్తుల జబ్బుతోనే పోయారు. “మూడు రోజులు ఎగశ్వాస. అందరం చుట్టూ నిలబడి చూశాం. నాకూ అంతేగా. అదొచ్చేలోపే వెళ్లిపోతే మంచిదనుకున్నా.”

ఇక్కడ “అలా జరగదులెండి” అనడం అబద్ధం. “మేం చూసుకుంటాం” అనడం ఖాళీ మాట. ఏం చేస్తామో వస్తువుల పేర్లతో సహా చెప్పాలి. డాక్టరు చెప్పింది ఇది. ఆయాసం రావచ్చు. వస్తే అందుకు కూడా ఇదే మార్ఫిన్, చిన్న మోతాదులో. ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను, తల వైపు ఎత్తిన పక్క. మింగలేని రోజుకు చర్మం కింద ఇచ్చే మార్ఫిన్, మగత తెచ్చే మిడజోలాం ముందే ఇంట్లో సీలు వేసిన పెట్టెలో ఉంటాయి, నర్సు వచ్చి ఇస్తారు. రాత్రి ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాసి ఉంటుంది. చివరి గంటల్లో గొంతులో గరగర వినిపించవచ్చు. అప్పటికి సాధారణంగా రోగికి తెలివి ఉండదు, చూసేవాళ్లకే అది కష్టం. వెంటిలేటర్ వద్దనుకుంటే వద్దని ఇప్పుడే రాసి ఉంచవచ్చు. ఏ మందుకూ లొంగని బాధ వస్తే, బాధ తెలియనంత మేరకు మగతలో ఉంచే చికిత్స ఉంది. దాని ఉద్దేశం బాధ తీయడమే, ప్రాణం తీయడం కాదు.

ఆయన అడిగిన ప్రశ్న: “అర్ధరాత్రి వస్తే?” దానికీ జవాబు ఉండాలి. పెట్టె ఎక్కడుంటుంది, నర్సు ఎంతసేపట్లో వస్తారు, ఆలోపు భార్య ఏం ఇవ్వాలి. ఆ జవాబు లేని బృందం ఈ సంభాషణ మొదలుపెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇది డిప్రెషనా?

ఆకలి లేకపోవడం, నీరసం, బరువు తగ్గడం, నిద్రలేమి ముదిరిన క్యాన్సర్‌లో చాలామందికి ఉంటాయి కాబట్టి వాటితో డిప్రెషన్ తేల్చలేం. చూడాల్సినవి వేరే: నేను దేనికీ పనికిరానన్న భావన, తగని అపరాధభావం, ఇష్టమైనవాళ్లు వచ్చినా ముఖంలో వెలుగు లేకపోవడం. ఈయన మనవడు పాత గడియారం తెచ్చి విప్పుదామంటే గంటసేపు కూర్చుని విప్పారు. ఆ గంట ఆనందంగానే ఉన్నారు, రేపటి గురించే ఏమీ తోచడం లేదు. ఇది డిప్రెషన్ కన్నా నిస్పృహకు దగ్గర. దీనికి మాత్రల కన్నా పని, మాట, మిగిలిన రోజుల మీద కొంత పట్టు కావాలి. అయినా వారం తర్వాత మళ్లీ చూడాలనే రాసుకున్నారు. డిప్రెషన్ అని తేలితే మిర్టజపీన్ 7.5 మి.గ్రా. రాత్రిపూట మొదలుపెట్టడం ఒక దారి. మనసు మీద పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, అన్ని వారాలు చేతిలో ఉన్నాయా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో కెనడాలో హార్వీ చోచినోవ్ బృందం 1995లో ప్రచురించిన అధ్యయనం చూపింది. చివరి దశలో ఉన్న 200 మందిని అడిగితే 44.5 శాతం మంది చావు త్వరగా రావాలని అప్పుడప్పుడైనా అనిపించిందన్నారు. ఆ కోరిక బలంగా, విడవకుండా ఉన్నవారు 8.5 శాతమే. వాళ్లలో 58.8 శాతానికి డిప్రెషన్ ఉంది, మిగతావాళ్లలో అది 7.7 శాతం. అంటే ఆ మాట అనడం సాధారణం, అది విడవకుండా ఉండటం అరుదు. ఉంటే దాని కింద చికిత్సకు లొంగేది ఏదో ఉండే అవకాశం ఎక్కువ. బతకాలన్న ఇచ్ఛ పూటపూటకీ మారుతుందని కూడా అదే బృందం 1999లో చూపింది. అందుకే ఒకసారి అడిగి తేల్చేసే విషయం కాదిది.

కూతురు

సంగతి తెలిశాక కూతురు నర్సు మీద కోపం చేసుకుంది: “నాన్న ఏదో బాధలో అంటే మీరు దాన్ని పట్టుకుని గుచ్చి గుచ్చి అడుగుతారా?” ఈ కోపాన్ని వాదనతో ఎదుర్కోకూడదు. “మీరు భయపడ్డారు. మేమూ అందుకే అడిగాం,” అన్నదే సరిపోయింది. ఆయనకున్న ఇంకో బాధ అప్పుడు బయటికొచ్చింది. తన మూలంగా పిల్ల కాపురం వదిలి ఇక్కడ పడి ఉందని. డాక్టరు ఆ మాట తాను మోసుకెళ్లి చెప్పలేదు, ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆయన చేతే చెప్పించారు. కూతురు ఏడ్చింది. తర్వాత వారంలో నాలుగు రోజులు ఇక్కడ, మూడు రోజులు తన ఇంట్లో అని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. నువ్వు భారం కాదు నాన్నా అని నూరుసార్లు చెప్పడం కన్నా ఆ మూడు రోజులే ఆయన బరువు దించాయి.

రెండు వారాల తర్వాత

నర్సు మళ్లీ అడిగారు: “ఆ ఆలోచన ఇప్పుడెలా ఉందండీ?”

“పోయిందని చెప్పనమ్మా. పొద్దున లేవకపోతే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. మాత్రలు మాత్రం దాచట్లేదు.”

దీన్ని విఫలమని రాయకూడదు. నాలుగో రకం రెండో రకానికి, కొన్ని రోజులు మొదటి రకానికి దిగింది. పూర్తిగా పోవాలన్న పట్టుదల బృందానికి ఉంటే, వాళ్లను సంతోషపెట్టడానికి రోగి అబద్ధం చెప్పడం మొదలుపెడతారు.

కేసు నోట్‌లో ఏం రాయాలన్నది చివరిగా. “రోగి నిరాశగా ఉన్నారు” అని రాస్తే రాత్రి డ్యూటీకి వచ్చేవాళ్లకు ఏమీ తెలియదు. ఆయన మాటల్ని ఆయన మాటల్లోనే రాయాలి, “సూదేసి పంపించెయ్యరాదూ” అన్నది సహా. నాలుగిట్లో ఏ రకమో, దారి ఉందా, మందులు ఎవరి దగ్గరున్నాయో రాయాలి. కారణాలుగా ఏం దొరికాయి, వేటికి ఏం చేశాం. ఇంట్లో ఎవరికి ఎంతవరకు తెలుసు. మళ్లీ ఎవరు, ఏ రోజు అడుగుతారు. అలర్జీల గడిలో కాకపోయినా ఎర్ర అక్షరాల్లో: మెటోక్లోప్రమైడ్, హాలోపెరిడాల్ ఇవ్వవద్దు, అకతీజియా వచ్చింది. చివరి దశలో వాంతికో గందరగోళానికో హాలోపెరిడాల్ అందరి చేతికీ ముందుగా వచ్చే మందు. ఆ ఒక్క వాక్యం లేకపోతే, ఎవరో ఒక రాత్రి అది ఇచ్చి, ఆ కాళ్లను మళ్లీ మొదటికి తెస్తారు.